తప్పు అప్పిచ్చినవాళ్ళది, సంజాయిషీ ఆమెది

బ్యాంకు పొరపాటు అనగానే మనకు ఎక్కడలేని సహనం వస్తుంది. కంప్యూటరు తప్పు అంటాం, గుమాస్తా తప్పు అంటాం, ఎవరికైనా జరుగుతుంది అంటాం. అదే ఒక స్త్రీ ఒక్క కిస్తీ ఆలస్యం చేస్తే ఆ సహనం ఎటుపోతుంది? రెండు రోజుల ఆలస్యానికి వాకిట్లో కుర్చీ వేసుకు కూర్చునే వసూలు మనిషిని మన ఊళ్ళలో చూడనివాళ్ళెవరు? అప్పు తీసుకున్న స్త్రీ చేసిన పొరపాటుకు ఎగవేత అని పేరు. అప్పిచ్చిన సంస్థ చేసిన పొరపాటు మాత్రం పొరపాటుగానే మిగిలిపోతుంది. ఈ రెండో రకం పొరపాటు వల్ల ఇంటి అప్పు దరఖాస్తులు తిరస్కరణకు గురైనప్పుడు ఆ నష్టం ఎవరి నెత్తిన పడుతోంది అన్నది స్త్రీల హక్కుల సమస్య అని నా వాదన. మన సంఘాలు దీన్ని ఇంతవరకు ఆ దృష్టితో చూడలేదు.

నాకు బాగా తెలిసిన ఒక స్టాఫ్ నర్సు విషయం చెబుతాను. వినియోగదారుల కమిషన్‌లో ఆమె కేసు ఇంకా తేలలేదు కాబట్టి పేరూ ఊరూ రాయడం లేదు, ఆ సంస్థల పేర్లూ రాయడం లేదు. ఆమె భర్త నుంచి విడిగా ఉంటోంది, విడాకులు కాలేదు. పద్నాలుగేళ్ళ సర్వీసు ఉంది. 2024 జూన్ 17న 32 లక్షలకు ఒక ఫ్లాటు మాట్లాడుకుని, 3 లక్షలు బయానా ఇచ్చి, తొంభై రోజుల గడువుతో అగ్రిమెంటు రాసుకుంది. బయానాలో సగం ఆమె గాజులు అమ్మిన డబ్బు. మిగతా దాచుకున్న డబ్బు పోను 22 లక్షల ఇంటి అప్పుకోసం ఒక బ్యాంకులో దరఖాస్తు పెట్టింది. ఆగస్టు మొదటి వారంలో ఫోను చేసి, ‘సిబిల్‌లో వచ్చిందమ్మా, కుదరదు’ అన్నారు. కాగితం ఇవ్వలేదు. ఏం వచ్చిందో చెప్పలేదు.

రిపోర్టు తెప్పించుకుని చూస్తే అందులో తను ఎన్నడూ తీసుకోని అప్పు ఒకటి ఉంది. 2020లో ఎవరో తీసుకున్న పర్సనల్ లోన్. కట్టలేదు కాబట్టి రానిబాకీ కింద కొట్టేశారు. ఇచ్చింది ఒక ఫైనాన్సు కంపెనీ. ఆ కంపెనీ దగ్గర ఈమె అంతకుముందు ఫ్రిజ్ కిస్తీల మీద కొన్నది, ఆఖరి పైసా దాకా కట్టేసింది, నో డ్యూస్ సర్టిఫికెట్టు కూడా ఉంది. జరిగిందేమంటే, అదే పేరు, అదే పుట్టిన తేదీ ఉన్న మరో స్త్రీ ఖాతాను కంపెనీవాళ్ళు ఈమె కస్టమర్ నంబరు కింద కలిపేశారు. తప్పు ఇంతే. ఇద్దరి ఊళ్ళు వేరు, తండ్రుల పేర్లు వేరు, సంతకాలు వేరు. అప్పు కాగితం మీద ఫొటో కూడా వేరు.

ఆ కంపెనీ ఆఫీసుకు నేను ఆమెతో పాటు నాలుగుసార్లు వెళ్ళాను. మొదటిసారి, మీరు ఆవిడ కాదని స్టాంపు పేపరు మీద రాసి నోటరీ చేయించి తెమ్మన్నారు. తెచ్చింది. రెండోసారి, మీవారిని ఒకసారి తీసుకురండి, మాట్లాడదాం అన్నారు. ఆయన ఈ అప్పులో లేడు, ఫ్రిజ్ అప్పులోనూ లేడు, ఆమె జీవితంలోనూ లేడు. అయినా అడిగారు. లేడంటే విడాకుల డిక్రీ అడిగారు. తనది కాని అప్పు తనది కాదని చెప్పుకోవడానికి ఒక స్త్రీ తన కాపురం సంగతంతా కౌంటరు ముందు విప్పి చూపించాలన్నమాట! మూడోసారి ఒక ఉద్యోగి గొంతు తగ్గించి, మంచి చేస్తున్నట్టే, సలహా ఇచ్చాడు: ‘మేడమ్, నలభై ఒక్క వేలు కట్టేయండి, తీసేస్తాం. ఇంటిపని ఆగదు.’ ఇది సలహా కాదు, బెదిరింపుకు మర్యాద తొడిగిన రూపం. పైగా అలా కడితే ఆ అప్పు తనదేనని ఒప్పుకున్నట్టవుతుంది, రిపోర్టులో ‘సెటిల్డ్’ అని పడుతుంది. ఆ ముద్రను చూసి మరో బ్యాంకు కూడా వెనక్కి పంపుతుంది. ఆమె కట్టలేదు.

ఆగస్టు 6న ఇచ్చిన ఫిర్యాదు మీద సెప్టెంబరు 27న రికార్డు సరిచేశారు. యాభై రెండు రోజులు పట్టింది. అగ్రిమెంటు గడువు సెప్టెంబరు 15నే అయిపోయింది. ఫ్లాటు వేరొకరికి పోయింది, బయానా తిరిగి రాలేదు.

ఇది మగవాళ్ళకూ జరుగుతుంది కదా, దీన్ని స్త్రీల సమస్య అంటే ఎలా అని ఒక సమావేశంలో ఒక మిత్రురాలు అడిగింది. జరుగుతుంది, కాదనను. కానీ మగవాడి రికార్డు తప్పయితే మీ ఆవిడను తీసుకురండి అని ఏ ఆఫీసులోనైనా అడగ్గా ఎవరైనా విన్నారా? అదొక్కటే కాదు. ఇలాంటి తప్పు స్త్రీల మీద ఎందుకు ఇంత సులువుగా పడుతుందో చూడండి.

అప్పుల రికార్డులు నడిపే యంత్రం ఒక మనిషిని పేరు, పుట్టిన తేదీ, చిరునామా, ఫోను నంబరు, పాన్ కార్డు, ఇలాంటి నాలుగైదు ఆనవాళ్ళతో పోల్చుకుంటుంది. ఈ ఆనవాళ్ళు జీవితమంతా ఒకేలా ఉండే మనిషిని దృష్టిలో పెట్టుకుని తయారైన ఏర్పాటు ఇది. మన స్త్రీల జీవితంలో వీటిలో ఏది నిలకడగా ఉంది? పెళ్ళితో ఇంటిపేరు మారుతుంది. రేషన్ కార్డులో ఒక ఇంటిపేరు, పదో తరగతి సర్టిఫికెట్టులో ఒక ఇంటిపేరు, బ్యాంకు పుస్తకంలో అసలు ఇంటిపేరే లేకుండా ఉత్త లక్ష్మి, ఉత్త పద్మ, ఉత్త నాగమణి. పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు కాబట్టి బడిలో చేర్చిన రోజు హెడ్మాస్టరు జూన్‌లోనో జూలైలోనో ఒక తేదీ వేసేస్తాడు. ఒకే క్లాసులో పదిమంది అమ్మాయిలు జూలై 1న పుట్టి ఉంటారు. చిరునామా పుట్టింటి నుంచి అత్తింటికి, అక్కడి నుంచి అద్దె ఇంటికి మారుతూ ఉంటుంది. ఫోను నంబరు చాలాసార్లు భర్తదో కొడుకుదో. అప్పుకు సంబంధించిన మెసేజీ ఏదైనా వస్తే అది చూసేది వాళ్ళే. ఇలాంటి మనిషిని ఇంకో మనిషితో కలిపేయడం యంత్రానికి ఎంతసేపు? కాబట్టి దీన్ని ఉత్త గుమాస్తా తప్పు అని నేను ఒప్పుకోను. స్త్రీని ఎవరికో చెందిన మనిషిగా తప్ప విడిగా నమోదు చేయని పితృస్వామ్య సమాజం ఒక పక్క, ఆ నమోదును కళ్ళు మూసుకుని నమ్మే ఆర్థిక వ్యవస్థ ఇంకో పక్క. రెండూ కలిసి చేసిన తప్పు ఇది.

పోయేదేమిటన్న విషయంలో కూడా తేడా ఉంది. ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా అని ఆంధ్రప్రదేశ్‌లో 1986లో చట్టం సవరించుకున్నాం, దేశమంతటికీ 2005లో వచ్చింది. ఎన్ని ఇళ్ళలో ఆ వాటా ఆమె పేరున రిజిస్టరయింది? కట్నంలో చెల్లిపోయిందన్న మాటతో ఎన్ని నోళ్ళు మూతబడ్డాయి? అదే 2005లో వచ్చిన గృహహింస నిరోధక చట్టం కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు ఇచ్చింది గాని ఆ ఇంటి మీద యాజమాన్యం ఇవ్వలేదు. ఒంటరి స్త్రీకి ఇల్లు అద్దెకు ఇవ్వడానికి ఓనర్లు పెట్టే షరతులు మీకు నేను చెప్పనక్కర్లేదు. పుట్టింటి వాటా రాక, అత్తింట్లో ఉండలేక, అద్దె ఇల్లు దొరకక తిరిగే స్త్రీకి తన జీతం మీద తెచ్చుకునే ఇంటి అప్పు ఒక్కటే మిగిలిన దారి. ఆ దారి మూసుకుపోతే చాలామంది మళ్ళీ ఆ పాత గుమ్మంలోకే వెళతారు.

ఇక చట్టం, నిబంధనలు. ఇవి లేవని కాదు. కాగితం మీద ఉన్నంతవరకు చాలా బాగున్నాయి. అప్పులివ్వడంలో స్త్రీ పురుష భేదం, కులం, మతం చూడకూడదని రిజర్వు బ్యాంకు 2003లోనే న్యాయమైన పద్ధతుల నియమావళిలో రాసింది. దరఖాస్తు ఇస్తే రసీదు ఇవ్వాలని, ఎన్నాళ్ళలో తేలుస్తారో అందులో చెప్పాలని అదే నియమావళి అంటుంది. దరఖాస్తును తిరస్కరిస్తే ముఖ్య కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలన్న నియమం మొదట 2 లక్షల లోపు అప్పులకే ఉండేది. 2007లో ఎంత అప్పుకైనా వర్తించేలా మార్చారు. అంటే మన నర్సుకు ఫోనులో ఒక ముక్క చెప్పి వదిలేసిన బ్యాంకు అప్పటికే నియమం తప్పింది. కానీ ఆ కాగితం అడగవచ్చని ఆమెకు తెలియదు, ఇవ్వాలని ఆ బ్రాంచిలో ఎవరికీ పట్టలేదు.

అప్పుల చరిత్ర నమోదు చేసే సంస్థలకు 2005లో ప్రత్యేక చట్టం వచ్చింది. రిజర్వు బ్యాంకు అనుమతితో ఇలాంటివి నాలుగు నడుస్తున్నాయి. జనం వాడుకలో అన్నిటికీ కలిపి ‘సిబిల్’ అనే పేరే స్థిరపడింది. ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలన్న నిబంధన 2017 నుంచి ఉంది. ఫిర్యాదు వస్తే ముప్పై రోజుల్లో సరిచేయాలి. అందులో అప్పిచ్చిన సంస్థకు ఇరవై ఒక్క రోజులు. ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున ఫిర్యాదుదారుకు ఇవ్వాలని 2023 అక్టోబరులో రిజర్వు బ్యాంకు ఆదేశించింది, 2024 ఏప్రిల్ నుంచి అమలైంది. అదే 2023 జూన్‌లో ఆ నాలుగు సంస్థలకూ నిబంధనలు పాటించలేదని తలా పాతిక లక్షలకు అటూ ఇటూగా జరిమానా వేసింది. అప్పు దొరకని మనిషికి అందులో పైసా రాదు.

లెక్క చూద్దాం. యాభై రెండు రోజుల్లో ముప్పై తీసేస్తే ఇరవై రెండు. రోజుకు వంద చొప్పున 2,200 రూపాయలు. పోయింది 3 లక్షల బయానా. ఇంతకంటే నేను వేరే వ్యాఖ్యానం రాయాలా? ఆ వంద రూపాయలు ఆలస్యానికి పరిహారం, తప్పుకు కాదు. ముప్పయ్యో రోజున సరిచేసి ఉంటే కంపెనీ ఒక్క రూపాయి కూడా ఇవ్వనక్కర్లేదు. ఒక స్త్రీని ఎగవేతదారుగా నాలుగేళ్ళు లోకానికి చూపించినందుకు ఈ నిబంధనలో ధర లేదు.

అసలు గొయ్యి ఇంకో చోట ఉంది. 2021లో వచ్చిన రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ పథకం కిందకి 2022 సెప్టెంబరులో ఈ సమాచార సంస్థలను కూడా తెచ్చారు. మంచిదే. ఆ పథకంలో ఒక మినహాయింపు రాసుకున్నారు: సంస్థల వ్యాపార నిర్ణయాల మీద ఫిర్యాదు తీసుకోరు. అప్పు ఇవ్వాలా వద్దా అన్నది వ్యాపార నిర్ణయం. కాబట్టి రికార్డులో తప్పుందని మీరు అడగవచ్చు. ఆ తప్పును చూసి అప్పు కాదన్న బ్యాంకును మాత్రం, తప్పు తేలింది కదా, నా దరఖాస్తు మళ్ళీ తెరిచి అదే తేదీ నుంచి, అదే వడ్డీకి చూడండి అని బలవంతపెట్టే మార్గం ఇందులో లేదు. మళ్ళీ కొత్తగా దరఖాస్తు పెట్టుకోమంటారు, మళ్ళీ ఫీజు అడుగుతారు. అబద్ధపు సాక్ష్యం మీద శిక్ష పడ్డాక, సాక్ష్యం అబద్ధమని తేలినా తీర్పు మాత్రం అలాగే ఉంటుందన్నమాట. దీన్ని వ్యాపార నిర్ణయం అని ఎలా అంటారు? కళ్ళ ముందు నో డ్యూస్ కాగితం పెట్టినా చదవకపోవడం ఏ వ్యాపారం కిందికి వస్తుంది?

అమెరికాలో 1974 వరకు భార్య సంపాదనను లెక్కలోకి తీసుకోకపోవడం, భర్త సంతకం లేకుండా అప్పు ఇవ్వకపోవడం మామూలు సంగతి. అక్కడి స్త్రీల ఉద్యమాలు దాన్ని బజారుకీడ్చి సమాన రుణ అవకాశాల చట్టం తెచ్చుకున్నాయి. అది వచ్చింది కాబట్టి అక్కడ అన్యాయం లేదని నేను అనడం లేదు. అప్పు అన్నది బ్యాంకు దయ కాదు, పౌరురాలి హక్కుకు సంబంధించిన విషయం అన్న మాట అక్కడ చట్టంలోకి ఎక్కింది. మన దగ్గర అది రిజర్వు బ్యాంకు సర్క్యులర్ దగ్గరే ఆగిపోయింది.

తెలుగు స్త్రీలకు ఈ విషయం కొత్తది కానేకాదు. 2010 గుర్తుందా? సూక్ష్మరుణ సంస్థల వసూళ్ళ ఒత్తిడికి ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చాక, ఆ ఏడాది అక్టోబరు 15న అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, డిసెంబరులో శాసనసభ చట్టం చేసింది. వారం వారం వసూళ్ళు ఆగాయి. చాలా అప్పులు తిరిగి కట్టించుకోవడమే నిలిచిపోయింది. ఒకే ఇంటికి నాలుగు కంపెనీలు ఎగబడి అప్పులిచ్చింది ఎవరు? తిరిగి కట్టగలరా అని చూడకుండా గ్రూపులు కట్టించింది ఎవరు? ఆ సంస్థల పేర ఎగవేతదారు అన్న ముద్ర పడలేదు. ముద్ర పడింది గ్రూపుల్లో సంతకాలు చేసిన స్త్రీల పేర. ఆ సంక్షోభం తర్వాత రిజర్వు బ్యాంకు వేసిన మాలెగాం కమిటీ 2011లో నివేదిక ఇచ్చింది. ఒక మనిషికి రెండు సంస్థల కంటే ఎక్కువ అప్పులివ్వకూడదని, అది చూసుకోవడానికి క్రెడిట్ రికార్డులు ఉండాలని చెప్పింది. ఉద్దేశం మంచిదే కావచ్చు. ఆచరణలో మాత్రం సంస్థల దుడుకుతనానికి మందుగా స్త్రీల పేర్లు రికార్డుకెక్కాయి. 2016 జనవరిలో స్వయం సహాయక సంఘాల సభ్యుల వివరాలను ఒక్కొక్కరివీ విడివిడిగా నమోదు చేయాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఇలా మన పొదుపు సంఘాల అక్కాచెల్లెళ్ళ సంగతులు కంప్యూటర్లలోకి చేరుతూనే ఉన్నాయి. అందులో ఏం రాశారో చదివి చెప్పే మనిషి మాత్రం ఊళ్ళో లేదు.

ఇక్కడ మనలో మనం ఒక మాట అనుకోవాలి. ఈ పత్రిక చదివేవారిలో చాలామంది ఆర్థిక అక్షరాస్యత శిక్షణలు నడుపుతున్నారు. ఆ పాఠాల పుస్తకాలు కొన్ని నేను చూశాను. సకాలంలో కట్టండి, స్కోరు కాపాడుకోండి, ఏడాదికోసారి రిపోర్టు చూసుకోండి, ఫోను నంబరు ఎవరికీ ఇవ్వకండి. ప్రతి వాక్యం స్త్రీకి చెప్పే బుద్ధే. అప్పిచ్చినవాళ్ళు ఏం చేయాలి, చేయకపోతే ఎవరిని నిలదీయాలి అన్న పాఠం ఏ పేజీలోనూ నాకు కనపడలేదు. శిక్షణకు డబ్బిచ్చేది కూడా చాలాచోట్ల అప్పులిచ్చే సంస్థలే కాబట్టి ఆ పేజీ లేకపోవడంలో నాకు వింతేమీ తోచలేదు. 1992లో నెల్లూరు జిల్లా స్త్రీలు సారా దుకాణం ముందు కూర్చున్నప్పుడు వాళ్ళే కాంట్రాక్టరును నిలదీశారు. ఆ ఉద్యమం తర్వాతే జిల్లాలో పొదుపు ఊపందుకుంది. పొదుపు మిగిలింది, నిలదీయడం ఎక్కడో జారిపోయింది. మన నర్సుకు కూడా మొదట అందరూ చెప్పింది ఇదే: ముందే రిపోర్టు చూసుకోవలసింది. నెలలో పది రాత్రులు డ్యూటీ చేసే మనిషి, తను చేయని తప్పు కోసం తన రికార్డుకు కూడా కాపలా కాయాలా?

మనం అడగవలసినవి కష్టమైనవేమీ కావు. ఈ ఖాతా నాది కాదు అని ఒక స్త్రీ చెప్పిన రోజు నుంచి రుజువు చేసే పని అప్పిచ్చిన సంస్థది కావాలి. సంతకం ఉన్న, ఫొటో ఉన్న అప్పు కాగితం వారం రోజుల్లో చూపించాలి, లేకపోతే ఆ నమోదు తీసేయాలి. ఆ మధ్యకాలంలో ఆ నమోదును చూసి ఎవరూ అప్పు కాదనకూడదు. తప్పు తేలితే తిరస్కరించిన దరఖాస్తును మొదటి తేదీతో, మొదటి షరతులతో, ఫీజు లేకుండా తెరవాలి. బయానా పోతే తప్పు చేసినవాళ్ళు కట్టాలి. అప్పులో లేని భర్తను, తండ్రిని, అన్నను పిలిపించమనడం లింగ వివక్ష కింద నమోదు కావాలి. అంబుడ్స్‌మన్ పథకంలోని వ్యాపార నిర్ణయం అన్న మినహాయింపు తప్పుడు సమాచారం మీద చేసిన తిరస్కరణలకు వర్తించకూడదు. ఇవి రిజర్వు బ్యాంకు ఒక్క ఆదేశంతో చేయగల పనులు. ఆలస్యానికి వంద రూపాయలు నిర్ణయించగలిగినవాళ్ళు ఇవీ చేయగలరు.

ఈలోగా చేయగలిగింది కొంత ఉంది. తిరస్కరించారని తెలియగానే ఫోను మాట నమ్మి తిరిగి రాకుండా, కారణం రాసిమ్మని దరఖాస్తు ఇచ్చి దాని నకలు మీద బ్యాంకు ముద్ర వేయించుకోవాలి. తర్వాత ఎక్కడికి వెళ్ళినా ఆ నకలే ఆధారం. ఫిర్యాదు ఒకేసారి రెండుచోట్ల వేయాలి: అప్పిచ్చిన సంస్థకు, సమాచార సంస్థకు. బయానా అగ్రిమెంటు నకలు జతచేసి, గడువు ఎప్పుడు అయిపోతుందో ఫిర్యాదులోనే రాయాలి. తర్వాత ఆ నష్టం మాకు తెలియదని వాళ్ళు అనలేకుండా ఉంటుంది. పోయిన డబ్బుకోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. 2019 చట్టం కింద వచ్చిన నియమాల్లో 5 లక్షల లోపు వ్యవహారాలకు ఫీజు పెట్టలేదు, వకీలు లేకుండా మనమే వాదించుకోవచ్చు. నర్సు కేసులో ఆ కంపెనీ వేసిన జవాబులో మొదటి అభ్యంతరం ఏమిటంటే, ఆమె తమ కస్టమర్ కాదు కాబట్టి ఫిర్యాదు చెల్లదని. అప్పు ఎగవేసినప్పుడు కస్టమర్, నష్టం అడిగినప్పుడు కాదు!

మీ ప్రాంతంలో స్త్రీల ఇంటి అప్పు దరఖాస్తులు ఇలా తిరస్కరణకు గురైన సందర్భాలు ఉంటే ఆ కాగితాల నకళ్ళు, పేర్లు కొట్టేసి, పత్రిక చిరునామాకు పంపండి. కాగితమే ఇవ్వకపోతే, ఇవ్వలేదని, ఏ తేదీన ఏమన్నారో రాసి పంపండి. భర్తను తీసుకురమ్మన్న సందర్భాలను ప్రత్యేకంగా గుర్తుపెట్టి రాయండి. రిజర్వు బ్యాంకుకు, రెండు రాష్ట్రాల మహిళా కమిషన్లకు ఇచ్చే వినతిపత్రానికి వాటిని జతచేస్తాం.